జీవితానికి అర్థం చెప్పే పుస్తకమా, ఆఫీసును బాగుచేసే పుస్తకమా? ఏది కొనాలో తేల్చుకునే పద్ధతి

పుస్తకాల షాపులో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక వరసలో బతుకుకు అర్థం ఏమిటి, చేస్తున్న పనికి విలువ ఏమిటి అని అడిగేవి. దాని కింది వరసలో టీములు ఎలా కలిసి పనిచేయాలి, ఆఫీసు వాతావరణాన్ని ఎలా మార్చాలి అని చెప్పేవి. పనిలో విసిగిపోయినవాళ్లు ఈ రెండింటి ముందూ కాసేపు నిలబడి, అట్ట నచ్చో, ఎవరో బాగుందన్నారనో ఒకటి తీసుకుని వెళ్తారు. ముప్ఫయ్యో పేజీ దగ్గర బుక్‌మార్కు ఆగిపోతుంది. పుస్తకం మంచిదే అయినా ఇలా జరుగుతుంది, ఎందుకంటే జబ్బొకటి, మందొకటి అయింది.

కాబట్టి ఎంపిక షాపులో మొదలుపెట్టకండి. ముందు ఒక చిన్న నోట్‌బుక్కు, పది పనిదినాలు కావాలి.

పది రోజుల నోట్‌బుక్కు

పేజీకి నాలుగు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో ఏం జరిగిందో రాయాలి. రెండో గడిలో, అది జరిగాక ఓపిక పెరిగితే ప్లస్సు, తగ్గితే మైనస్సు. మూడో గడిలో అక్కడ ఎవరెవరున్నారు. నాలుగో గడిలో దీన్ని మార్చగలిగేది ఎవరు. ఆఫీసు నుంచి బయల్దేరే ముందు ఐదు నిమిషాలు కూర్చుని రోజుకు ఒక ప్లస్సు, ఒక మైనస్సు రాయండి. పది రోజులకు ఇరవై వరసలవుతాయి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే కుదరదు. ట్రాఫిక్కు, వంట, పిల్లల హోంవర్కు అయ్యేసరికి జరిగిన సంగతి మరుగునపడి చిరాకొక్కటే మిగులుతుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో అసలు రాయొద్దు, కాగితమే మేలు. మనుషుల పేర్లకు బదులు పొడి అక్షరాలు వాడండి.

పది రోజులే ఎందుకంటే, వారానికి ఐదు రోజుల పనైతే రెండు సోమవారాలు, రెండు శుక్రవారాలు అందులో పడతాయి. ఒక్క వారమే రాస్తే ఆ వారం వచ్చిన ఒక్క గొడవే పుస్తకాన్ని ఎంచేస్తుంది. నెలాఖరో, ఆడిటో, రిలీజో మధ్యలో వస్తే పేజీ పైన ఆ సంగతి రాసి మరో ఐదు రోజులు పొడిగించండి.

ఇందులో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. జరిగింది రాయకుండా అభిప్రాయం రాస్తారు. 'మేనేజరు మంచివాడు కాదు' అన్న వరస దేనికీ పనికిరాదు. '11 గంటల మీటింగులో ఆలస్యానికి కారణం చెప్పబోతే మధ్యలో ఆపేశారు, మిగతావాళ్లు తలొంచుకున్నారు' అన్నది పనికొచ్చే వరస. కెమెరా పెడితే ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో అదే రాయాలి.

ఒక బ్యాంకు శాఖలో రుణాల సీటులో ఉన్నవారి పేజీ ఇలా ఉంటుందనుకుందాం.

సోమవారం మధ్యాహ్నం 3. పంట రుణం రెన్యువల్‌కు వచ్చిన పెద్దాయనకు ఏ కాగితం తక్కువైందో కూర్చోబెట్టి చెప్పాను, పని పూర్తయింది. ప్లస్సు. నేను, ఆయన.

సోమవారం సాయంత్రం 6:40. టార్గెట్ల కాల్. అంకె తక్కువ చెప్పిన ముగ్గురిని అందరూ వింటుండగా నిలదీశారు. మైనస్సు. లైన్లో ఉన్న శాఖలన్నీ. మార్చగలిగేది పై ఆఫీసు.

మంగళవారం. ఒక ఎంట్రీ తప్పు పడిందని ఉదయమే తెలిసింది. చెప్పడానికి భయపడి సాయంత్రం దాకా ఆగాను. మైనస్సు. నేను, క్యాషియరు. మార్చగలిగేది మేనేజరు.

ఈ పేజీ ఒకసారి నింపాదిగా చూడండి. ప్లస్సు వచ్చింది పనిలోంచే. రైతు పని పూర్తయినప్పుడు ఓపిక పెరిగింది. అంటే ఈ మనిషికి పని అర్థం తెలుసు, ఆ అర్థం రోజూ చేతికి తగులుతూనే ఉంది. మైనస్సులన్నీ ఆ పనిని నడిపించే తీరులోంచి వస్తున్నాయి. ఈయనకు 'నీ జీవిత లక్ష్యం కనుక్కో' అనే పుస్తకం ఇస్తే, ఆఫీసు తప్పును తన మనసు లోపం అనుకుని ఇంకా కుంగిపోతాడు. అందులోనూ మంగళవారం వరస ముఖ్యం. తప్పు చెప్పడం తన చేతిలో ఉన్న పనే అయినా నాలుగో గడిలో మేనేజరు అని రాశాడు. భయం ఎక్కడుందో ఆ గడే చెబుతోంది.

ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ పేజీ. 'బుధవారం. 40 టెస్టు కేసులు నడిపాను, అన్నీ పాసయ్యాయి. ఎవరికి ఉపయోగమో తెలియదు. మైనస్సు. ఎవరూ లేరు. మార్చగలిగేది నేనేనా?' ఇలాంటి వరసలు ఎనిమిదో తొమ్మిదో ఉండి, తిట్లు, భయం, పక్షపాతం వంటివి ఎక్కడా లేకపోతే అది వేరే సంగతి. టీము బాగానే ఉంది. పనికీ మనిషికీ మధ్య దారం తెగింది. ఈ మనిషి మొదటి వరస పుస్తకాల దగ్గరకు వెళ్లాలి.

మైనస్సులను విడదీయడం

పదో రోజు సాయంత్రం ఒక అరగంట తీరిక చేసుకుని ప్రతి మైనస్సు వరసనూ మూడు ప్రశ్నలు అడగండి. ఇదే పని ఇంకో ఆఫీసులో చేస్తే ఈ బాధ నా వెంట వస్తుందా? పక్క సీటువాళ్లకు కూడా ఇది ఉందా? నాలుగో గడిలో ఉన్నది నేనా, ఇంకొకరా?

వెంట వస్తుంది, పక్కవాళ్లకు లేదు, గడిలో నేనే ఉన్నాను అంటే ఆ వరస పక్కన 'అ' అని రాయండి, అర్థానికి. వెంట రాదు, పక్కవాళ్లకూ ఉంది, గడిలో ఇంకొకరు ఉన్నారు అంటే 'ఆ', ఆఫీసుకు. మూడు ప్రశ్నలకూ జవాబులు ఒక వైపే పడకపోతే రెండు ఎటు పడ్డాయో అటు రాయండి. పదింట్లో ఏడు ఒకవైపు ఉంటే ఎంపిక అయిపోయినట్టే. ఏడు అన్నది కొలతబద్ద లాంటి అంకె మాత్రమే, అంతకంటే శాస్త్రం అందులో లేదు.

ఐదు ఐదుగా వస్తే ముందు ఆఫీసు పుస్తకమే తీసుకోండి. రోజూ భయంతో లోపలికి అడుగుపెట్టేవారికి 'నా పనికి అర్థం ఏమిటి' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు భయం రంగు పులుముకునే వస్తుంది. భయం తగ్గాక అదే ప్రశ్న వేసుకుంటే జవాబు మారడం మామూలే.

రెండో ప్రశ్నకు జవాబు ఊహించుకోకండి. నమ్మకమున్న ఒకరిద్దరిని టీ దగ్గర అడగండి. 'నాకే ఇలా ఉందా, మీకూ ఉందా?' అన్న ఒక్క మాట చాలు. చాలామంది ఏళ్ల తరబడి తమ ఒక్కరిదే అనుకున్న బాధ, అడిగిన రోజున గదిలో సగం మందిదని తేలుతుంది.

పుస్తకం అక్కర్లేని వరసలు

కొన్ని వరసలకు ఏ పుస్తకమూ జవాబు కాదు. వాటిని ముందే తీసి పక్కన పెట్టాలి. లైంగిక వేధింపు ఉంటే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. జరిగిన రోజు నుంచి మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. పదిమంది కంటే తక్కువ ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని లోకల్ కమిటీకి వెళ్లాలి. కల్చర్ పుస్తకం చదువుతూ ఆ మూడు నెలలు పోగొట్టుకోవద్దు.

వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, చచ్చిపోతే బాగుండనిపించడం వంటివి నోట్‌బుక్కులో కనబడితే ఆ రోజే డాక్టరును కలవాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

మూడోది పని భారం. ఇద్దరి పని ఒకరు చేస్తున్నారంటే కావలసింది ఇంకో మనిషి. క్రిస్టినా మస్లాక్, మైకేల్ లైటర్ అనే మనస్తత్వ పరిశోధకులు బర్న్‌అవుట్, అంటే పనిలో పూర్తిగా అలసి విసిగిపోయే స్థితి మీద 1997లో తెచ్చిన 'ద ట్రూత్ అబౌట్ బర్న్‌అవుట్' ఈ విషయంలో చాలా ఉపయోగపడుతుంది. మనిషికీ ఉద్యోగానికీ పొసగని చోట్లను వాళ్లు ఆరుగా విడదీశారు: పని భారం, పని మీద అదుపు, దక్కే ప్రతిఫలం, తోటివాళ్లతో బంధం, న్యాయం, విలువలు. మీ మైనస్సుల పక్కన ఈ ఆరింట్లో ఏదో ఒకటి రాసి చూడండి. ఆరింట్లో చివరిదైన విలువలు ఒక్కటే అర్థం వైపు మొగ్గుతుంది. మిగిలిన ఐదూ ఆఫీసువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జబ్బుల పట్టిక ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను పనికి సంబంధించిన పరిస్థితిగానే చేర్చింది, మనిషి లోపంగా చూడలేదు.

అర్థం వరసలో ఏది ఎవరికి

ఈ వరసలో అందరూ ముందు చెప్పే పేరు విక్టర్ ఫ్రాంకల్ రాసిన 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్'. ఆయన వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు. ఆష్విట్జ్ సహా నాలుగు నాజీ క్యాంపుల్లో ఖైదీగా ఉండి బయటపడ్డాడు. విడుదలయ్యాక 1945లో తొమ్మిది రోజుల్లో దీన్ని చెప్పి రాయించాడు. జర్మన్‌లో 1946లో, ఇంగ్లీషులో 1959లో వచ్చింది. చిన్న పుస్తకమే కానీ అందులో రెండు పుస్తకాలున్నాయి. మొదటి భాగం క్యాంపు జీవితం. రెండో భాగం ఆయన పెట్టిన లోగోథెరపీ, అంటే అర్థాన్ని వెతుక్కోవడం మీద నిలిచే మానసిక వైద్య పద్ధతి. 1984లో ఇంకో వ్యాసం చివర చేరింది. చాలామంది మొదటి భాగం చదివి కళ్లు తుడుచుకుని మూసేస్తారు. ఉద్యోగం గురించి చదివేవారికి కావలసిన సరుకు రెండో భాగంలోనే ఉంది.

అక్కడ అర్థం దొరికే దారులు మూడు చెబుతాడు. ఏదో ఒక పని చేయడం, సృష్టించడం ఒకటి. ఒక అనుభవాన్నో, ఒక మనిషినో ప్రేమతో అందుకోవడం రెండోది. తప్పించలేని బాధను ఎదుర్కొనే తీరు మూడోది. ఈ మూడోదాన్నే పట్టుకుని ఆఫీసుల్లో ఈ పుస్తకాన్ని తలకిందులుగా వాడతారు. 'ఆయన క్యాంపులోనే తట్టుకున్నాడు, నువ్వు ఆదివారం రాలేవా?' అన్నట్టు. కానీ ఫ్రాంకల్ అదే చోట స్పష్టంగా చెప్పాడు: బాధ తప్పించగలిగేదైతే దాని కారణాన్ని తీసేయడమే అర్థవంతమైన పని, అవసరం లేని బాధను భరించడం వీరత్వం కాదు అని. ఈ వాక్యాల మీద పెన్సిలు గీత పెట్టుకున్నాకే ఈ పుస్తకం ఇంకొకరికి ఇవ్వండి.

బతకడానికి కారణం అనే అర్థమిచ్చే జపాన్ మాట ఇకిగాయ్. ఆ పేరుతో చాలా పుస్తకాలు వచ్చాయి. నాలుగు వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడే బొమ్మ అట్ట మీదో, లోపలి మొదటి అధ్యాయంలోనో ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇష్టమైనది, చేతనైనది, లోకానికి కావలసినది, డబ్బులొచ్చేది అనే ఆ బొమ్మ జపాన్ సంప్రదాయం కాదు. 2014లో ఒక బ్రిటిష్ బ్లాగర్ వేరే బొమ్మ నడుమ ఈ జపాన్ మాట పెట్టడంతో అది పుట్టింది. ఆ బొమ్మ చెడ్డదని కాదు. కానీ నాలుగూ కలిసిన చోటే అర్థం ఉంటుందని నమ్మితే, జీతం కోసం పనిచేస్తూ ఇంటి దగ్గర మిద్దెతోటతోనో, భజన మండలితోనో తృప్తిగా ఉన్నవాళ్ల బతుకులో అర్థం లేనట్టు అవుతుంది. జపాన్‌లో ఇకిగాయ్ మీద 1966లో పెద్ద పుస్తకం రాసిన మానసిక వైద్యురాలు మియెకో కమియా కుష్టురోగుల ఆశ్రమంలో పనిచేసింది. అక్కడి మనుషులకు బయటివాళ్లలాంటి ఉద్యోగాలు లేవు. అయినా ఇకిగాయ్ గురించి ఆమె ఆలోచన అక్కడి నుంచే ఎదిగింది. ఏ ఇకిగాయ్ పుస్తకం చూసినా విషయసూచికలో రోజువారీ చిన్న సంతోషాల గురించి ఎన్ని పేజీలున్నాయి, కెరీర్ గురించి ఎన్ని ఉన్నాయి అని చూడండి. మొదటిది ఎక్కువుంటే తీసుకోవచ్చు.

చదవడం కంటే చేసి చూడటం నచ్చేవారికి స్టాన్‌ఫర్డ్‌లో పాఠం చెప్పిన బిల్ బర్నెట్, డేవ్ ఇవాన్స్ కలిసి 2016లో రాసిన 'డిజైనింగ్ యువర్ లైఫ్' సరిపోతుంది. ఏ పనిలో మునిగిపోతున్నాం, ఏది ఓపిక పీల్చేస్తోంది అని రాసుకునే డైరీ, రాబోయే ఐదేళ్లకు మూడు వేర్వేరు ప్లాన్లు గీయడం అందులోని అసలు పనులు. పెన్ను పట్టకుండా చదివితే డబ్బు దండగ. చిన్న చిన్న ప్రయోగాలు చేయమంటుంది, వాటికి కొంత సమయం, కొంత వెసులుబాటు కావాలి. ఈఎంఐల మధ్య నలిగేవారు మూడో ప్లానును ఉద్యోగం వదలకుండా గీసుకుంటేనే ఉపయోగం.

ఇవేవీ కాకుండా, సలహా ఇవ్వకుండా ప్రశ్నను మాత్రమే ముందు పెట్టే పుస్తకం కావాలంటే మన నవలలున్నాయి. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' పేరులోనే ఆ ప్రశ్న ఉంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఇంకా పదునైనది. కానీ అందులో సీతారామారావు కథ వినాశనంలో ముగుస్తుంది. మనసు బాగా కుంగి ఉన్న రోజుల్లో దాన్ని మొదలుపెట్టకండి.

రెండు వరసల మధ్య గట్టు మీద ఒక ఆలోచన ఉంది, దాన్ని వదిలేయకూడదు. ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో రాసిన వ్యాసంలో దానికి జాబ్ క్రాఫ్టింగ్ అని పేరు పెట్టారు. ఆసుపత్రి శుభ్రం చేసే సిబ్బందిలో కొందరు తమ పనిని తుడవడం, కడగడం అనుకుంటే, ఇంకొందరు రోగి కోలుకోవడంలో భాగం అనుకుని పలకరింపు, సాయం వంటివి తామే చేర్చుకున్నారు. ఉద్యోగం పేరు మారకుండా మార్చుకోగలిగేవి మూడు: చేసే పనులు, కలిసే మనుషులు, పనిని చూసే చూపు. పైన చెప్పిన టెస్టర్ వారానికి ఒక గంట కస్టమర్ సపోర్టు కాల్స్ విన్నాడనుకోండి, తాను ఆపిన బగ్గు ఎవరికి తగిలేదో తెలుస్తుంది. 'అ' వరసలు నాలుగైదే ఉంటే పుస్తకం కొనకముందు ఇది ఒక నెల చేసి చూడండి.

ఆఫీసు వరసలో ఏది ఎవరికి

ఇక్కడ ముందు చూసుకోవలసింది మీ కుర్చీ. ఈ వరసలో ఎక్కువ పుస్తకాలు సీఈవోలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆరుగురి టీములో జూనియర్‌గా ఉన్నవారు వాటిని చదివితే, తమ చేతిలో లేని మీటల గురించి మూడు వందల పేజీలు చదివినట్టవుతుంది. వచ్చే నెలలో ఎవరి అనుమతీ అడక్కుండా మీరు మార్చగలిగినవి ఒక కాగితం మీద రాయండి. మీటింగు ఎజెండా, డ్యూటీ చార్టు, కొత్తగా చేరినవారికి పని నేర్పే తీరు, జీతాల పెంపు, మనుషులను తీసుకోవడం, తీసేయడం: వీటిలో ఎన్ని మీ చేతిలో ఉన్నాయి?

ఒక్కటీ లేకపోతే ఎడ్గార్ షైన్ 'హంబుల్ ఎంక్వైరీ' లాంటి చిన్న పుస్తకం చాలు. ఎదుటివారిని తెలుసుకోవాలనే ఉద్దేశంతో ప్రశ్న అడగడం ఎలాగో చెబుతుంది, దానికి పదవి అక్కర్లేదు.

టీము మీటింగులు, పని పంపకం మీ చేతిలో ఉంటే ఏమీ ఎడ్మండ్‌సన్ 2018లో రాసిన 'ద ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్' తీసుకోండి. ఈ వరసలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనమంటాం. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేస్తూ ఆమె ఒక వింత చూసింది. బాగా పనిచేసే నర్సుల టీముల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందుకు కాదు, చేసిన తప్పును దాచకుండా చెప్పగలిగినందుకు. 1999లో 51 టీముల మీద వచ్చిన ఆమె పరిశోధనా వ్యాసంలో ఏడు వాక్యాల ప్రశ్నపత్రం ఉంది. తప్పు చేస్తే అది పట్టుకుని వేలాడతారా, కష్టమైన విషయం ఎత్తగలరా, సాయం అడగడం కష్టమా వంటివి. బ్యాంకు పేజీలోని మంగళవారం వరసకు ఇదే మందు. పుస్తకం కొత్తగా చెప్పే ఇంకో ముఖ్య సంగతి, భయం లేకపోవడం అంటే నాణ్యతలో సడలింపు కాదని. ప్రమాణాలు పైనే ఉండాలి, చెప్పేందుకు భయం మాత్రం ఉండకూడదు. దీన్ని సగమే అర్థం చేసుకున్న చోట టీము హాయిగా, మందకొడిగా తయారవుతుంది.

పాట్రిక్ లెన్షియోనీ 'ద ఫైవ్ డిస్‌ఫంక్షన్స్ ఆఫ్ ఎ టీమ్', 2002ది, ఒక కంపెనీ కథలా నడుస్తుంది. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. నమ్మకం లేకపోవడం, వాదనకు భయపడటం, నిర్ణయానికి కట్టుబడకపోవడం, ఒకరినొకరు జవాబు అడగకపోవడం, ఫలితం పట్టకపోవడం అనే ఐదు మెట్ల వరస అందులో ఉంది. చదివే అలవాటు తక్కువున్న టీముకు ఇది బాగా పనికొస్తుంది. అయితే కథలో అధికారం అంతా పైనున్న ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఆ అధికారం లేనివారు అదే పద్ధతిలో నిర్మొహమాటంగా మాట్లాడబోతే దెబ్బతింటారు.

కంపెనీ పెట్టినవారికి, హెచ్ఆర్ హెడ్లకు షైన్ పెద్ద పుస్తకం 'ఆర్గనైజేషనల్ కల్చర్ అండ్ లీడర్‌షిప్' ఉంది, మొదటి ముద్రణ 1985. కంటికి కనబడేవి, నోటితో చెప్పుకునే విలువలు, ఎవరూ చెప్పకుండానే అందరూ నమ్మేవి అని సంస్కృతిని మూడు పొరలుగా విడదీస్తుంది. గోడ మీద 'మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి' అని పోస్టరు ఉండి, ఎండీ గదిలోకి ఎవరూ అడుగుపెట్టకపోతే అసలు నమ్మకం మూడో పొరలో ఉన్నట్టు. చదవడం కష్టం, పాఠ్యపుస్తకంలా ఉంటుంది. కానీ పోస్టర్లు మార్చి సంస్కృతి మారిందనుకునే పొరపాటును ఇంత బాగా ఆపే పుస్తకం ఇంకోటి లేదు.

గొప్ప కంపెనీల రహస్యాలు చెప్పే పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్' 2001లో పదకొండు కంపెనీలను ఆదర్శంగా చూపింది. అందులో ఎలక్ట్రానిక్స్ షాపుల కంపెనీ సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది, ఇళ్ల రుణాల సంస్థ ఫ్యానీ మే అదే ఏడాది అమెరికా ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్లింది. లాభాలు బాగున్నప్పుడు లోపల జరిగేదంతా గొప్పగా కనబడుతుంది, నష్టాలొస్తే అదే తీరు తప్పుగా కనబడుతుంది. ఫిల్ రోజెన్‌జ్వైగ్ 2007లో 'ద హేలో ఎఫెక్ట్'లో వివరించింది ఇదే.

షాపులో ఇరవై నిమిషాలు

నోట్‌బుక్కు వెంట తీసుకెళ్లండి. మొదట విషయసూచిక. మీ మైనస్సుల్లో ఎక్కువసార్లు వచ్చిన సంగతికి ఒక్క అధ్యాయమైనా ఉందా? తర్వాత మధ్యలో ఎక్కడో తెరిచి వరుసగా నాలుగు పేజీలు చదవండి. మొదటి అధ్యాయం ఎప్పుడూ బాగానే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. ఆ నాలుగు పేజీల్లో సోమవారం ఉదయం చేయగలిగిన పని ఒకటైనా కనబడాలి, లేదా మీ గురించి మీకు తెలియని ఒక మాటైనా తగలాలి. ఆఖర్న, ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో రచయిత చెప్పాడా చూడండి. ఎక్కడా చెప్పకపోతే తిరిగి షెల్ఫులో పెట్టేయండి.

తెలుగు అనువాదం తీసుకుంటే ఒక పేజీ పైకి, నెమ్మదిగా చదవండి. ఒక వాక్యాన్ని రెండుసార్లు చదవాల్సి వస్తే, ఇంగ్లీషు రాకపోతే అర్థం కాని తెలుగు అది. లోపలి పేజీలో అనువాదకుల పేరు ఉందా, మూలం పేరు, హక్కుల వివరం ఉన్నాయా చూడండి. పేవ్‌మెంటు మీద దొరికే చవక కాపీల్లో పేజీలు పోవడం, అక్షరాలు మసకగా పడటం, చివరి అనుబంధాలు లేకపోవడం తరచూ ఉంటుంది. ఫ్రాంకల్ పుస్తకంలో 1984 వ్యాసం ఉందో లేదో చూసుకుని కొనండి. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అసలైన పాత ముద్రణలు కూడా దొరుకుతాయి. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ముందు చదివి చూడొచ్చు. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు చలికాలంలో వస్తాయి, అక్కడ ఒకే పుస్తకానికి రెండు మూడు ముద్రణలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

టీముతో కలిసి చదవాలంటే

మేనేజర్లకు ఒక మాట. అర్థం గురించిన పుస్తకాన్ని టీముకు పంచకండి. మీ దృష్టిలో అది బహుమతి, వారికి మాత్రం 'సమస్య నీలోనే ఉంది' అన్నట్టు వినబడుతుంది. అది ఎవరికివారు వెతుక్కోవలసిన పుస్తకం. టీముతో చదవాలంటే ఆఫీసు వరసలోంచే ఎంచండి, ఆరు వారాలు, వారానికి ఒక అధ్యాయం, నలభై నిమిషాలు, పనిగంటల్లోనే. లంచ్ టైములోనో సాయంత్రం ఆరు తర్వాతో పెడితే పుస్తకం చెప్పేదానికి మీరే అడ్డు నిలబడినట్టు. ఎనిమిది మందికి మించితే రెండు గుంపులు చేయండి. మొదటి ముప్ఫై నిమిషాలు చదివినదాని మీద మాట్లాడి, చివరి పది నిమిషాల్లో వచ్చే వారం మార్చి చూసే ఒక్క పనే రాయండి. 'మీటింగు మొదట్లో ఈ వారం జరిగిన ఒక పొరపాటు అందరికంటే ముందు లీడ్ చెప్పాలి' వంటిది. ఒక్కటే. మూడు రాస్తే ఏదీ జరగదు.

ఇది ఎక్కువగా మూడో వారంలో చెడుతుంది. ఎవరో ఒకరు నిజం చెబుతారు, 'సెలవు అడిగితే రేటింగు తగ్గుతుందని అందరం భయపడుతున్నాం' అని. ఆ క్షణంలో లీడ్ సమర్థించుకుంటే నాలుగో వారానికి పుస్తకం ఎవరూ తెరవరు. అక్కడ చేయవలసింది విన్నది నోట్ చేసుకుని, 'దీని మీద వచ్చే గురువారం లోపు చెబుతాను' అని రోజు పేరు చెప్పడం, ఆ రోజున నిజంగా జవాబు తేవడం. జవాబు 'కుదరలేదు, కారణం ఇది' అయినా పర్వాలేదు.

ఒంటరిగా చదివినా, గుంపుగా చదివినా, పుస్తకం అయ్యాక మరో ఐదు రోజులు అదే నాలుగు గళ్ల నోట్‌బుక్కు నింపండి. పాత పేజీల పక్కన పెట్టి మైనస్సులు పోల్చండి. పాత వరసలే మళ్లీ వస్తుంటే అదే రకం పుస్తకం ఇంకోటి కొనకండి. నాలుగో గడిలో ఎక్కువసార్లు ఎవరి పొడి అక్షరాలు ఉన్నాయో చూసి, వారిని అరగంట సమయం అడగండి. నోట్‌బుక్కు మాత్రం ఇంట్లోనే ఉంచి, తేదీ, సమయంతో సహా రెండు వరసలు చిన్న కాగితం మీద ఎక్కించుకుని వెళ్లండి.